కూసే గుమ్మం, కూసే కర్ర

విమానాశ్రయంలో మనమందరం దాటే గుమ్మం ఒకటి ఉంది. దానికి తలుపు లేదు, గడప లేదు. మన దగ్గర లోహం ఉంటే కూస్తుంది. మా ఇంట్లో ఒక కర్ర ఉంది. దాని చివర పళ్ళెం లాంటి చక్రం ఉంటుంది. ఇసుక మీద ఊపితే, కింద లోహం ఉంటే అదీ కూస్తుంది. రెండింటి పేరూ మెటల్ డిటెక్టరే. తెలుగులో "లోహ శోధకం" అని రాసినవాళ్ళు ఉన్నారు. కానీ హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఎవరినైనా "లోహ శోధకం ఎక్కడండీ" అని అడిగి చూడండి. మీ మొహం చూసి నవ్వుతారు. కాబట్టి ఇక్కడ నేను మెటల్ డిటెక్టర్ అనే రాస్తాను. కొన్నిసార్లు మా చిన్నాయన అన్నట్టు "మిషిన్" అని కూడా రాస్తాను.

ఆ కర్రను మెసయీద్ నుంచి జగిత్యాల జిల్లాకు విమానంలో తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఈ ఏడాది మా ఇంట్లో పెద్ద చర్చ. దాని చరిత్ర చదవకుండా జవాబు చెప్పలేనని నాకు అనిపించింది. చదివాక ఇది రాస్తున్నాను.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. చక్రంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో కరెంటు అటూ ఇటూ మారుతూ పారుతుంది. దాని వల్ల చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రంలోకి ఏ లోహం వచ్చినా ఆ లోహంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు లేస్తాయి. సుడి అంటే గోదావరిలో నీళ్ళు గుండ్రంగా తిరిగే చోటు. అందుకే ఈ పదం నాకు ఇష్టం. ఆ సుడులు తిరిగి పంపే చప్పుడును యంత్రం వింటుంది. అయస్కాంతానికి ఇనుము అంటుకుంటుంది, బంగారం అంటుకోదు. ఈ యంత్రానికి మాత్రం బంగారం, రాగి, సీసం, అల్యూమినియం అన్నీ వినిపిస్తాయి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

మొదటి కథ 1881 నాటిది. ఆ ఏడాది జూలై 2న వాషింగ్టన్‌లోని రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్కడుందో డాక్టర్లకు తెలియలేదు. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు, అది 1895లో వచ్చింది. అప్పుడు టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చాడు. తీగ చుట్టలు, టెలిఫోన్ వినే పరికరం కలిపి ఒక యంత్రం చేశాడు. ముందే వేరేవాళ్ళ ఒంట్లో ఉన్న పాత తూటాల మీద దాన్ని పరీక్షించాడు. పనిచేసింది. అధ్యక్షుడి మీద మాత్రం పనిచేయలేదు. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి. పైగా తూటా కుడివైపు ఉందని నమ్మిన పెద్ద డాక్టరు ఆ వైపే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపు ఉంది. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. తూటా కంటే, చేతులు కడుక్కోకుండా గాయంలో వేళ్ళు పెట్టిన డాక్టర్లే ఆయన ప్రాణం తీశారని ఇప్పుడు చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఆ డాక్టరు మొండితనం. యంత్రం మంచిదే. ఎక్కడ వెతకాలో నిర్ణయించిన మనిషి తప్పు.

రెండో కథకు విమానంతో చుట్టరికం ఉంది. జర్మనీ నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్ళిన గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీరు విమానాలకు రేడియోతో దిక్కు చూపించే పరికరాల మీద పనిచేసేవాడు. ఆ పరికరం కొన్ని చోట్ల తప్పు దిక్కు చూపించేది. పెద్ద లోహపు కట్టడాలు, లోహపు ఖనిజం ఉన్న నేల దగ్గరికి వచ్చినప్పుడు ఇలా జరుగుతోందని ఆయనకు అర్థమైంది. వేరొకరైతే దాన్ని లోపం అని సరిచేసి వదిలేసేవాళ్ళు. ఆయన ఆ లోపాన్నే యంత్రంగా మార్చాడు. 1931లో పాలో ఆల్టోలో తన ఇంటి గ్యారేజీలో కంపెనీ మొదలుపెట్టాడు. 1937లో పేటెంటు వచ్చింది. అంటే ఇసుక మీద ఊపే ఈ కర్రకు పుట్టిల్లు విమానమే అనుకోవచ్చు.

ఫిషర్ యంత్రాలను నిధుల కోసం కొన్నవాళ్ళు ఉన్నారు. కానీ భూమిలో పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి కొన్న కంపెనీలు కూడా చాలానే. ఇది మెసయీద్ వాళ్ళకు బాగా తెలిసిన విషయం. ఇక్కడి ఫ్యాక్టరీల్లో గడ్డపార నేలకు తగలాలంటే ముందు పర్మిట్ కావాలి. కేబుల్ డిటెక్టర్‌తో ఒకరు వచ్చి నేలంతా చూసి, రంగుతో గీతలు గీసి వెళ్తారు. ఆ తర్వాతే తవ్వకం. మా నాన్న ఇరవై ఏళ్ళుగా చెప్పే మాట ఒకటే: "చూడకుండా తవ్వితే చస్తావు." కింద గ్యాసు ఉండొచ్చు, వేల వోల్టుల కరెంటు ఉండొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే యంత్రం మందుపాతరలు వెతికింది. పోలండ్ అధికారి యూజెఫ్ కొసాట్స్కీ బ్రిటన్‌లో ఉండగా సైనికుడు చేత్తో మోయగల డిటెక్టర్ తయారుచేశాడు. 1942లో ఈజిప్టు ఎడారిలో ఎల్ అలమైన్ యుద్ధంలో దాన్ని వాడారు. ఆయన కుటుంబం జర్మన్ల చేతిలో ఉన్న పోలండ్‌లోనే ఉండడంతో యుద్ధకాలంలో ఆయన పేరు రహస్యంగా ఉంచారు.

ఇక గుమ్మం కథ. 1960ల్లో విమానం ఎక్కడం బస్సు ఎక్కినట్టే ఉండేదట. ఎవరూ ఎవరినీ తడిమేవారు కాదు. 1968 నుంచి 1972 దాకా అమెరికాలో 130కి పైగా హైజాక్ ప్రయత్నాలు జరిగాయి. విమాన కంపెనీలు మాత్రం ప్రయాణికులను తనిఖీ చేస్తే కోపం వచ్చి ఎక్కడం మానేస్తారని భయపడ్డాయి. 1972 నవంబర్‌లో ముగ్గురు హైజాకర్లు ఒక విమానాన్ని ఓక్ రిడ్జ్ అణు కేంద్రం మీద కూలుస్తామని బెదిరించారు. దాంతో ఆ వాదన ముగిసింది. 1973 జనవరి 5 నుంచి అక్కడ ప్రతి ప్రయాణికుడినీ, ప్రతి చేతిసంచినీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది.

మన దేశపు కథ ఇంకా వింతది. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు యువకులు లాహోర్‌కు తీసుకెళ్ళారు. విమానం పేరు గంగ. ప్రయాణికులను వదిలేశాక విమానాన్ని తగలబెట్టారు. వాళ్ళ చేతిలోని తుపాకీ బొమ్మ తుపాకీ, గ్రెనేడ్ చెక్కతో చేసింది. ఆ రోజు గుమ్మం ఉన్నా ఆ చెక్క గ్రెనేడ్ దగ్గర కూసేది కాదు. 1999 డిసెంబర్ 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ 814 విమానం కాందహార్ చేరింది. ఆ తర్వాత, 2000 నుంచి, విమానాశ్రయాల కాపలా రాష్ట్ర పోలీసుల చేతి నుంచి సీఐఎస్ఎఫ్ చేతికి మారడం మొదలైంది. జైపూర్ మొదటిది. ఇప్పుడు శంషాబాద్‌లో చెక్క స్టూలు లాంటి మెట్టు మీద మనల్ని నిలబెట్టి చేతులు చాపమనేది వాళ్ళే.

మెసయీద్ గురించి కొంచెం చెప్పాలి. పాత కాగితాల్లో ఈ ఊరి పేరు ఉమ్ సయీద్. దోహాకు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్లు. ఖతర్ పడమటి వైపు దుఖాన్‌లో దొరికిన నూనెను పైపులో ఇక్కడికి తెచ్చి ఓడలో పంపారు. మొదటి ఓడ బయల్దేరింది 1949 డిసెంబర్ 31న. తర్వాత 1973లో ఎరువుల ఉత్పత్తి, 1978లో ఉక్కు ఉత్పత్తి మొదలయ్యాయి. మన ఊళ్ళలో స్లాబుకు వేసే కడ్డీలు ఇక్కడ కూడా తయారవుతాయి. ఫ్యాక్టరీలు వచ్చాక మనవాళ్ళు వచ్చారు.

ఉత్తర తెలంగాణలో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అంటారు. బతకడానికి ఉన్న మూడు దారులు అని అర్థం. ఇందులో దుబాయి అంటే ఒక్క దుబాయి కాదు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, ఖతర్ పోయినా మా బాపమ్మ లెక్కలో "దుబాయి పోయిండు" అనే. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టుల మీద ఒక ముద్ర ఉండేది. ప్రభుత్వం అనుమతి ఇస్తేనే వాళ్ళు పనికి వెళ్ళగలరు. ఆ ముద్ర ఒక గుమ్మం, ఎయిర్‌పోర్టులో కూసేది ఇంకో గుమ్మం.

దోహాలో ఇంటికి బయల్దేరే కార్మికుల వరుసను గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. చాలామంది కాళ్ళకు సేఫ్టీ షూలే ఉంటాయి. కొత్త బూట్లు కొనడం ఎందుకు, ఇవి గట్టిగా ఉన్నాయి కదా అని. ఆ బూట్ల ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉంటుంది, బరువు పడితే వేళ్ళు నలగకుండా. గుమ్మం కూస్తుంది. విప్పాలి. మెసయీద్‌లో కాలును కాపాడిన ఉక్కు దోహాలో అనుమానం అవుతుంది. ఆడవాళ్ళకు మెట్టెలు, చిన్నపిల్లలకు వెండి మొలతాడు. మొలతాడు అంటే నడుముకు కట్టే తాడు. దాన్ని ఇంకో దేశపు సెక్యూరిటీ ఆవిడకు ఎలా వివరించాలో నాకు ఏ భాషలోనూ తెలియదు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళను గుమ్మం ఎక్కువగా అడిగింది మాత్రం బంగారం గురించి. 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. కడ్డీలు, బిస్కెట్లు ఇంట్లో పెట్టుకోవడం మామూలు మనిషికి నేరమైంది. పాత సినిమాల్లో విలన్ సూట్‌కేసు తెరిస్తే మెరిసే బిస్కెట్లు గుర్తున్నాయా? అవి పది తులాల బిస్కెట్లు. ఒక్కొక్కటి సుమారు 116 గ్రాములు. 1990లో చట్టం రద్దయింది. 1992లో మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, విదేశంలో ఉండి వచ్చేవాళ్ళు సుంకం కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. ఐదు కిలోలు తేగల మనిషి మా బంధువుల్లో ఎవరూ లేరు. మా వాళ్ళ కథ గొలుసులు, గాజులే. 2016 నియమాల్లో ఏడాదికి పైగా విదేశంలో ఉన్న మగవాళ్ళకు సుంకం లేకుండా 20 గ్రాముల నగలు అనుమతించేవారు, కానీ 50,000 రూపాయలు దాటకూడదనేవారు. ఆడవాళ్ళకు 40 గ్రాములు, లక్ష దాటకూడదనేవారు. ఆ ఏడాది బంగారం ధర చూస్తే 20 గ్రాములకు 50,000 సరిపోలేదు. గ్రాములు రాసిన వాళ్ళూ రూపాయలు రాసిన వాళ్ళూ మాట్లాడుకోలేదని మా నాన్న జోకు.

ఇప్పుడు చిన్నాయన దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో "బాబాయి" అని ఉంటుంది, మా ఇంట్లో చిన్నాయన. మా నాన్నతో పనిచేసిన ఒకాయన ఖతర్ వదిలి వెళ్తూ ఆ కర్రను మాకు ఇచ్చారు. చలికాలంలో సీలైన్ దగ్గర గుడారాలు వేసినప్పుడు పోయిన తాళాలు, ఇసుకలో వదిలేసిన మేకులు వెతకడానికి వాడాం. దొరికేవి ఎక్కువగా మేకులు, సోడా మూతలు. తడి ఉప్పు నేల మీద మామూలు డిటెక్టర్ ఊరికే అరుస్తుంది, ఎందుకంటే ఉప్పునీటిలో కూడా కరెంటు పారుతుంది. ఈ సంగతి ఫోన్లో విన్న చిన్నాయన అన్నాడు: "వచ్చేటప్పుడు గా మిషిన్ పట్కరా బిడ్డా. మన గడ్డ మీద ఒకసారి తిప్పి సూద్దాం."

గడ్డ అంటే ఊరి బయట ఎత్తుగా ఉన్న పాత దిబ్బ. అక్కడ లంకెబిందెలు ఉన్నాయని మా తాత కాలం నుంచి నమ్మకం. లంకె అంటే కలిపే కొక్కెం, ముడి. ఒకదానికొకటి గొలుసుతో కట్టిన బిందెలు, నిండా బంగారం. పాము కాపలా ఉంటుందంటారు. బిందెలు భూమిలో వాటంతట అవే నడుస్తాయని కూడా అంటారు. కథగా నాకు చాలా ఇష్టం. కానీ ఈ కథ నమ్మి రాత్రిపూట గుళ్ళలో నందిని పెకలించినవాళ్ళు, శివలింగం కింద గొయ్యి తీసినవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఇలాంటి వార్త తెలుగు పేపర్లలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో గడ్డపారతో పాటు మెటల్ డిటెక్టర్ కూడా ఉంటోంది.

ప్రభుత్వమే తవ్విన సందర్భం కూడా ఉంది. 2017 డిసెంబర్‌లో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి కోసం అధికారికంగానే తవ్వకాలు మొదలయ్యాయి. ఊరివాళ్ళు అడ్డుచెప్పారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. బంగారం కనిపించలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మారినప్పుడు అక్కడి దీపాలదిన్నెను తవ్వించారు. పాలరాయి లాంటి శిల్పాలు బయటికొచ్చాయి. కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నం కోసం కాలాయి. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. మిగిలిన శిల్పాలు ఇప్పుడు ఎక్కువగా చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. తెలుగు నేర్చుకుంటున్న నాలాంటివాళ్ళు అమరావతి స్తూపాన్ని చూడాలంటే అమరావతి కంటే బ్రిటిష్ మ్యూజియంలో ఎక్కువ చూడొచ్చు.

మా ఊరికి దగ్గర్లోనే దీనికి ఎదురు కథ ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాల. వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు అక్కడ పాత నాణేలు తేలేవి. బంగారం కాదు. రాగివి, సీసంవి, చిన్నవి, మట్టి పట్టి నల్లగా ఉన్నవి. సంగనభట్ల నరహరి శర్మ గారు వాటిని ఏరి దాచారు. శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. 1979 నుంచి పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఆ నాణేల మీద గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు దొరికాయి. వీళ్ళు శాతవాహనుల కంటే ముందువాళ్ళు. పురాణాల్లో కనిపించే శాతవాహన వంశపు మొదటి రాజు శ్రీముఖుడి పేరు "చిముక" అని నాణెం మీద కనిపించింది. శాతవాహనులు తెలంగాణలో మొదలయ్యారా, మహారాష్ట్రలోనా అనే వాదనలో ఈ చిన్న ముక్కలు పెద్ద సాక్షులు.

మన కర్రకు ఒక మీట ఉంది. దాన్ని తిప్పితే ఇనుము లాంటి కొన్ని లోహాల చప్పుడు ఆగిపోతుంది. నిధి వెతికేవాడు మొదట చేసే పని అదే. ఒకవేళ సీసం నాణెం చేతికి వచ్చినా విసిరేస్తాడు. తీసి దాచుకున్నా, అది ఏ పొరలో, ఏ కుండ పక్కన ఉందో తెలియకుండా పోతుంది. శర్మ గారి నాణేలు కూడా వాన బయటపెట్టినవే, నిజమే. కానీ ఆ చోటు మిగతాదంతా గడ్డపార పడకుండా ఉంది కాబట్టే తర్వాత పొరలు పొరలుగా తవ్వి చూడగలిగారు.

నేను ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. "మరి దొరికితే ఎవరిది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. బ్రిటిష్ వాళ్ళ 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు రాసి ఇవ్వాలి. వందేళ్ళకు పైగా దాగి ఉండి, హక్కుదారుడు ఎవరూ రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే విలువ కట్టి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచితే ఏడాది దాకా జైలు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. ఖతర్‌లో కూడా 1980 నుంచి పురావస్తువుల చట్టం ఉంది. అనుమతి లేకుండా వాటి కోసం తవ్వకూడదు. డేనిష్ పురావస్తు బృందాలు 1950ల నుంచి వెతికిన దేశం ఇది.

"గడ్డ మనది కాదు కద, సర్కారుది," అన్నాడు చిన్నాయన చివరికి. అంటే భూమి యజమాని వాటా కూడా రాదన్నమాట. ఆయనకు అప్పులు ఉన్నాయి. ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఇక్కడికి రావడానికి ఏజెంటుకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్నాడు. లంకెబిందెల మీద ఆశ ఎక్కడినుంచి వస్తుందో నాకు అర్థం కాకుండా లేదు.

విమానంలో తీసుకెళ్ళడం కష్టమేమీ కాదు. కర్రను మూడు ముక్కలుగా విప్పాలి. విడి లిథియం బ్యాటరీ లోపలి సామానులో పెట్టకూడదు, చేతిసంచిలో పెట్టాలి, 100 వాట్-అవర్ లోపు ఉండాలి. ఎక్స్‌రేలో తీగ చుట్ట చూసి ఎవరో ఒకరు తప్పకుండా సంచి తెరవమంటారు. అందుకే విమాన కంపెనీని ముందే అడగడం మంచిది. కస్టమ్స్ వాళ్ళు ఎందుకు తెచ్చావని అడగొచ్చు. ఆ ప్రశ్నకు నా దగ్గర చెప్పగలిగే జవాబు లేదు.

కర్ర మెసయీద్‌లోనే ఉంటుంది. దాని బదులు చిన్నాయనకు ఒక జత సేఫ్టీ షూలు తీసుకెళ్తున్నాను. పొలంలో పాముల భయం అని ఆయనే అడిగాడు. సైజు తొమ్మిది. సూట్‌కేసులో వేస్తాను కాబట్టి ఈసారి గుమ్మం దగ్గర విప్పే పని లేదు.